సరిహద్దు బెంచీ

“మైళ్లు రాస్తే సున్నా. రోజులు రాయండి,” అంది కొలబద్ద మేడమ్.

చరిత్ర లెక్చరరుకు ఆ పేరు ఊరికే రాలేదు. సామ్రాజ్యం పటం మీద ఏ ఊరు కనబడినా బద్ద పెట్టి కొలవాల్సిందే. రాజధాని నుంచి గుర్రం మీద ఎన్ని రోజులో తేలేదాకా ఆవిడ ఊరుకోదు. ఫోన్లు బయట అల్మారాలో పెట్టి రావాలి. గంట కొట్టకముందు తలకిందులుగా తపస్సు చేసినా ఎవరినీ బయటికి పంపదు.

అలాంటి మనిషి ఇవాళ క్లీనర్‌ని మాత్రం మూడింటికి వెళ్లిపొమ్మంది.

లారీ డ్రైవరు కూతురు కాబట్టి క్లాసులో ఆ అమ్మాయి పేరు క్లీనర్. ఆమెకూ ఆ పేరు ఇష్టమే. వాళ్ల వంశంలో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. నెల్లాళ్ల తర్వాత నాన్న లోడు దించి వస్తున్నాడు. మూడింటికి కాలేజీ గేటు దగ్గర లారీ ఆపుతానన్నాడు. ఆ రోడ్డులో పెద్ద బండిని పది నిమిషాలకు మించి నిలబెట్టనివ్వరు. ఆ పది నిమిషాల్లో తన క్లాసు కిటికీ అయినా నాన్నకు చూపించాలని ఆమె ఆశ.

మూడుకు ఐదు నిమిషాలు ఉందనగా అటెండరు గుమ్మంలో నిలబడి మేడమ్‌ని పిలిచాడు.

“పోర్షను కాలేదుగా. ప్రిన్సిపాల్ దగ్గర అక్షింతలు,” అని ముందు బెంచీ గుసగుసలాడింది.

నిజమే కాబోలు. తిరిగొచ్చిన మేడమ్ ముఖం గంటు పెట్టుకుని ఉంది.

క్లీనర్ సంచీ భుజాన వేసుకుని లేచింది. “వెళ్లొస్తాను మేడమ్.”

“కూర్చో.”

“మీరే కదా మేడమ్ వెళ్లమన్నారు? మా నాన్న...”

“గంట కొట్టాక వెళ్దువుగాని. ఆ చివరి బెంచీలో కూర్చో. నువ్వు సరిహద్దు కోటవి.”

“కోటకి హారన్ ఉందా?” అన్నారెవరో. క్లాసు గొల్లుమంది. క్లీనర్‌కి ఏడుపొచ్చింది. ఇచ్చిన మాటని ఇంత తేలిగ్గా మింగేస్తారా?

మేడమ్ ఒక కాగితం మడిచి మొదటి బెంచీకి ఇచ్చింది.

“రాజధానిలో చక్రవర్తి చనిపోయాడు. ఇది ఆ కబురు. ఒక్కో బెంచీ ఒక్కో మజిలీ. దారి ఎలా ఉందో చెప్పాకే కాగితం చేయి మారాలి.”

మొదటి బెంచీ మైదానాన్ని నాలుగు రోజుల్లో దాటేసింది. మూడో బెంచీకి నది అడ్డమొచ్చింది.

“వరద. ఆగు,” అంది మేడమ్.

“ఎన్నాళ్లు మేడమ్?”

“తగ్గేదాకా.”

మామూలుగా పది నిమిషాల్లో సామ్రాజ్యమంతా చుట్టబెట్టే మనిషి. ఇవాళ ఒక్క నది దాటడానికే మూడుంబావు అయింది. వీధిలో లారీ హారన్ మోగింది. క్లీనర్ సగం లేచి మళ్లీ కూలబడింది. అది నాన్న హారన్ కాదు. దాన్ని ఆమె నిద్రలో కూడా గుర్తుపడుతుంది.

“ఈలోగా కోటలోవాళ్లు పోయినవాడికే జై కొడుతున్నారా మేడమ్?” అడిగాడొక తుంటరి.

“వాళ్ల లెక్కలో పోలేదుగా! కబురు అందేదాకా ఆ కోటలో రాజు బతికే ఉన్నాడు.”

“అది మోసం మేడమ్,” అంది క్లీనర్ ఉక్రోషంగా. “వెళ్లాల్సిన కబురు వెళ్లాలి. మా నాన్నయితే కోట ముందున్న ఆ కొండ కనుమని ఒక్క పూటలో దాటించేస్తాడు.”

మేడమ్ సుద్దముక్క కోసం బోర్డు వైపు తిరిగింది.

“దాటిస్తాడు. ఈ గుర్రం వల్ల కాదు. కనుమలో మంచు. పన్నెండు రోజులు వేసుకోండి.”

“పోయిన క్లాసులో ఏడే అన్నారు!” అందరూ ఒక్కసారే అరిచారు.

“పన్నెండు.”

చివరికి కాగితం కనుమ దాటింది. చివరి బెంచీకి ముందు బెంచీ అబ్బాయి వెనక్కి తిరిగి దాన్ని క్లీనర్ ముందు చాపాడు. ఆమె చెయ్యి పెట్టేలోగా మేడమ్ గబగబా వచ్చి కాగితం లాగేసుకుంది.

“ఇంకా చేరలేదు,” అంది.

“ఇదేం ఆట మేడమ్!”

మూడు నలభై అయిదుకి గంట కొట్టారు. క్లీనర్ మేడమ్ వైపు చూడనైనా చూడకుండా వరండాలోకి పరుగెత్తింది. అక్కడ అటెండరు స్టూలు మీద బాబాయి కూర్చుని ఉన్నాడు. ఆమెకు పోయిన ప్రాణం లేచి వచ్చింది.

“బాబాయ్! లారీ ఎక్కడ పెట్టారు? నాన్న నన్ను తిట్టుకుంటున్నాడా?”

బాబాయి లేచి నిలబడ్డాడు. ఆమె తల మీదుగా గుమ్మం వైపు చూశాడు.

“మీరన్నట్టే గంట కొట్టేదాకా ఆగాను మేడమ్, మా అన్నయ్య పోయిన కబురు ఇంక నేను దాచలేను.”