మూరెడు ఎత్తు

రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడాది, కోదాడలో మా హోటలు కాఫీ నురగకు పేరు మోసింది.

"గింత నురగ ఎట్ల వస్తది?" అని కొత్తగా వచ్చిన బడిపంతులు అడిగారు.

"మూరెడు ఎత్తు నుంచి పొయ్యాలె సార్. నా సొంత ఉపాయం," అన్నాను గర్వంగా.

బయట కట్టెలమోపు దించిన మట్టయ్య, చూరులో దాచుకున్న కొబ్బరిచిప్ప తీసుకుంటూ సంబరంగా అందుకున్నాడు.

"గా ఉపాయం నాతోనే వచ్చింది సారూ! నా చిప్పకు తగిలితే గిన్నె మైలపడతదని, అయ్య నాకు గంత మీదికెల్లి పోస్తరు. పోసి పోసి నేర్చుకున్నరు."

పంతులు సగం తాగిన గ్లాసు కింద పెట్టేశారు.

మట్టయ్య చిప్ప చాపాడు. నేను తల దించుకున్నాను. గిన్నె కూడా దించి పోద్దామనుకున్నాను.

చెయ్యి మాత్రం అలవాటుగా మూరెడు పైకే లేచింది.