ముందు డిక్కీలో ఇసుక మూట

"నన్ను క్షమించు బావా. నీ కారు నాశనం చేశాను."

ఆసుపత్రి మంచం మీద ఫెర్నాన్ ఆ మాట అనడం అది నాలుగోసారి. అతని కుడికాలు తొడదాకా పిండికట్టులో ఉంది. అతను ఇళ్ళకు పలకరాతి కప్పులు వేసే పనివాడు. కాలు అతుక్కున్నా ఇక నిచ్చెన ఎక్కలేవని డాక్టరు ఆ ఉదయమే చెప్పి వెళ్ళాడు. అయినా అతను కారు గురించే బాధపడుతున్నాడు.

పక్కన కూర్చున్న ఎమిలియన్ తలెత్తలేదు. ఫెర్నాన్ అక్క సొలాంజ్ భర్త అతను, బ్రీవ్ ఊరి పోస్టాఫీసులో గుమాస్తా. పందొమ్మిది వందల యాభై ఏడులో కారుకు పేరు రాయించుకుని, పద్నాలుగు నెలలు ఎదురుచూస్తే ఆ లేత నీలం దోఫీన్ కారు చేతికొచ్చింది. దాన్ని ఇంటి ముందు ఆపగానే ఫెర్నాన్ చుట్టూ తిరిగి చూసి, "ఇంజను వెనకాల, సామాను ముందరానా? చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుంది బావా నీ బండి" అని నవ్వాడు.

బరువంతా వెనకే కాబట్టి బండి ముందుభాగం తేలిగ్గా ఉండేది. తడి రోడ్డు మీద మలుపుల్లో జాగ్రత్త అవసరం. అందుకే ఆ బండి ఉన్నవాళ్ళు కొందరు ముందు డిక్కీలో బరువేదో పెట్టుకునేవాళ్ళు. ఎమిలియన్ పాతిక కిలోల ఇసుక మూట పెట్టాడు.

ఆ మూట తీసింది కూడా అతనే. వెజేర్ ఏటికి చేపలు పట్టడానికి వెళ్తూ, బుట్టలకు చోటు చాలక, దాన్ని దించి షెడ్డు గోడ పక్కన పడేశాడు. తిరిగొచ్చాక, రేపు పెడదాంలే అనుకున్నాడు. ఆ వారమంతా ఆఫీసుకు నడిచే వెళ్ళడంతో సంగతి మరిచేపోయాడు. శనివారం మధ్యాహ్నం, సొలాంజ్ బజారుకని బయల్దేరిన కాసేపటికి, ఫెర్నాన్ వచ్చి బండి అడిగితే తాళాలు చేతిలో పెట్టాడు. అప్పటికే వాన మొదలైంది. రంపపు మిల్లు దాటాక వచ్చే మలుపులో కారు గిర్రున తిరిగి చెట్టుకు కొట్టుకుంది.

ఆ సాయంత్రం షెడ్డు దగ్గర మూట కనబడ్డాక గానీ ఎమిలియన్‌కు దాన్ని మరిచిన సంగతి గుర్తురాలేదు. కాసేపటికి దాన్ని విప్పి, ఇసుకంతా కూరమడుల్లో చల్లేసి, గోనెసంచి పొయ్యిలో పెట్టాడు.

అతివేగమని పోలీసులు రాసుకుపోయారు. ఫెర్నాన్‌ది మొదట్నుంచీ దూకుడేనని కాఫీ హోటల్లో అందరూ అంటే, ఎమిలియన్ తలూపాడు కూడా. ఆ తలూపడమే అతన్ని ఎక్కువగా తినేస్తోంది. ఒకసారి భోజనాల దగ్గర ధైర్యం చేసి కారు మాట ఎత్తబోయాడు. సొలాంజ్ చెంచా కింద పెట్టి, ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఆ ఊసు ఎత్తొద్దని లేచి వెళ్ళిపోయింది. తమ్ముడి మీద బెంగ అనుకుని ఊరుకున్నాడు.

ఇప్పుడు ఫెర్నాన్ ఇకముందు తన బతుకుతెరువు సంగతి చెబుతున్నాడు. క్వారీలో కూర్చుని పలకలు చెక్కే పని అడుగుతాడట. ఆ పనికి కాళ్ళతో అవసరం లేదట. అలా అని నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

ఎమిలియన్ ఇక ఓర్చుకోలేకపోయాడు.

"కారు పాడుచేసింది నువ్వు కాదు. ముందు డిక్కీలో మూట లేదు. నేనే తీశాను, పెట్టడం మరిచాను. అది చాలక, ఎవరికీ తెలియకుండా ఇసుక పారబోశాను. నీ కాలు పోగొట్టింది నేను ఫెర్నాన్."

ఫెర్నాన్ మోచేతుల మీద కాస్త పైకి లేచాడు. తిడతాడని, పక్కనున్న గ్లాసు విసిరినా విసురుతాడని ఎమిలియన్ ఎదురుచూశాడు. విసిరితే బాగుండుననీ అనుకున్నాడు.

"ఈ మాట అక్కకు చెప్పావా?" అని మాత్రం అడిగాడు ఫెర్నాన్.

"లేదు. చెబితే జన్మలో నా మొహం చూడదు."

"ఇప్పుడే వెళ్ళి చెప్పు బావా. సాయంత్రం దాకా కూడా ఆగొద్దు." ఫెర్నాన్ గొంతు తగ్గించాడు. "మూడు వారాలుగా రోజూ ఇక్కడికొచ్చి, తన చేతులు చూసుకుని ఏడుస్తోంది. నీకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. తనకు లైసెన్సు లేదు కదా, జనం రాకముందే పొలాలకు అడ్డంపడి వెళ్ళిపొమ్మని పంపించేసి, నేను కాలీడ్చుకుంటూ స్టీరింగు ముందు సీట్లోకి జరిగాను. ఆ రోజు బండి నడిపింది అక్క."