ఏటికి పోయిన బర్రె

"ఎడమ బొటనవేలు ఇటు పెట్టు చెల్లె" అంటూ రెవెన్యూ గిర్దావరు మధుసూదన్‌రావు సిరా డబ్బా ముందుకు జరిపాడు.

బాలలక్ష్మి వేలికి సిరా అంటించుకొని ఆగిపోయింది. ఉర్దూ అచ్చు ఉన్న పాత ఫారం వెనక ఆయన తెలుగులో రాసిన రెండు వరుసల వైపు చూసింది.

"ఏం రాసినవు సారూ? ఒక్కపాలి చదువు."

"మానేరు వరదల పాడిబర్రె ఒకటి చచ్చిపోయింది, సర్కారు సాయం ఇయ్యాలె. గంతే."

"చచ్చిందని రాయకు."

"మరేం రాయాలె?"

"ఏటికి పోయిందని రాయి."

మధుసూదన్‌రావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పొద్దుటి నుంచి ఊరంతా తిరిగితే ఇది ఆఖరి ఇల్లు. సాయంత్రానికి జాబితా పెద్దపల్లికి చేరాలి. ఇవాళ ఎక్కని పేరు మళ్ళీ ఎక్కదు.

"పోయినదానికి సర్కారు ఇయ్యదు చెల్లె, చచ్చినదానికే ఇస్తది. మీ ఊళ్ళె మేక పోతే బర్రె అని రాయించినోళ్ళున్నరు. నువ్వేమో బర్రె పోయినా వద్దంటవు."

దారి చూపడానికి వెంట వచ్చిన ఊరి మస్కూరి నౌకరు ముత్తయ్య నవ్వలేదు. గడప బయట తల వంచుకొని నిలబడ్డాడు.

"బర్రె మునుగుతదా సారూ? పుట్టంగనే ఈత వచ్చేదాయె. ఏ గడ్డకో ఎక్కే ఉంటది" అంది బాలలక్ష్మి.

"పదకొండు దినాలాయె."

"దూరం కొట్టుకపోతే నడిచి రావద్దా మరి?"

ఊరికి ఎడంగా, ఏటి ఒడ్డున ఆ ఇల్లొక్కటే ఉంది. కొట్టంలో అప్పుడే కోసి తెచ్చిన పచ్చగడ్డి మోపు, దాని కింద నిన్నటిది, దాని కింద మొన్నటిది. తినే నోరు లేదు. ఆమె చంకలోని పిల్ల పాలు లేక, తాపిన గంజి ఉమ్మేస్తూ సన్నగా మూలుగుతోంది. సర్కారు పైకం వస్తే ఇంకో బర్రెను కొనుక్కోవచ్చు. ఈ మాత్రం తెలియదా అనుకున్నాడు మధుసూదన్‌రావు. అంతలోనే ఆయనకు తట్టింది. మొగుడిని అడగకుండా వేలు పెట్టడానికి జంకుతోంది.

"మీ ఇంటాయనను పిలువు. ఆయనతోనే మాట్లాడుత."

"లేడు."

"ఏడికి పోయిండు?"

"బర్రె ఎంబడి."

"వచ్చేదెప్పుడు?"

"బర్రెతోనే వస్తడు."

"గిన్ని దినాల సంది తిరుగుతనే ఉన్నడా? బర్రె మీద గింత పాణం ఉన్నోడికి ఇంట్ల పసిపిల్ల ఉన్నదని యాది లేదా?"

బాలలక్ష్మి ముఖం తిప్పుకుంది. సిరా వేలిని కొంగుకు అదిమి అదిమి తుడిచింది.

"ఆయన వచ్చినంక రాద్దువు సారూ. నేనైతే చచ్చిందని వేలు పెట్ట."

ఎంత చెప్పినా ఆ మాట మీదనే ఉంది.

మధుసూదన్‌రావు జాబితాలో ఆ పేరు కొట్టేసి లేచాడు. బాట ఎక్కాక కూడా కోపం దిగలేదు.

"ఎసొంటి మనిషి ముత్తయ్యా ఆమె మొగడు? ఆలిని, పిల్లను గాలికొదిలి బర్రెను వెతకపోవుడేంది?"

ముత్తయ్య వెనక్కి తిరిగి చూశాడు. బాలలక్ష్మి పిల్లను ఎత్తుకొని ఏటి వైపు ముఖం పెట్టి నిలబడి ఉంది.

"ఆమె ముంగట అనరాదని ఊకున్న సారూ. ఆయన వెతకపోలే" అన్నాడు ముత్తయ్య.

"మరి?"

"వరదొచ్చినప్పుడు దాని తోక పట్టుకొని ఏరు దాటుతుండె."