మేనల్లుడి నడక

టీవీ ముందు బల్ల మీద మూడు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. రెండు, వాడి వాడి సొట్టలు పడ్డ స్టీలు గ్లాసులు. మూడోది పువ్వుల గాజు గ్లాసు, చుట్టాలొస్తే తీసేది.

ఆ మూడోది ఆమెది.

పెళ్ళై ఇరవై ఆరు రోజులు. ఈ ఇంట్లో ఆమెకు అన్నీ ముద్దుగానే ఉన్నాయి. అతను మాట మధ్యలో ఆగి కళ్ళద్దాలు తుడుచుకోవడం ముద్దు. బాల్కనీ తీగ మీద రెండు తువ్వాళ్ళు పక్కపక్కన ఆరడం ముద్దు.

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలే గొంతులో ముల్లు.

నాలుగింటికి ఆమె, అతను, అతని చెల్లెలు ముగ్గురూ కూర్చుని ఒక సీరియల్ పెట్టుకుంటారు. వారానికొక భాగం.

వందేళ్ళ నాటి డిటెక్టివ్ కథలకు ఈ కాలం బట్టలు తొడిగారు. గుర్రపు బండి పోయి కారొచ్చింది. తంతి పోయి మెసేజొచ్చింది. డిటెక్టివు మాత్రం ఆ పాత మనిషే, చొక్కా గుండీ చూసి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాడు. ఆమెకు భలే నచ్చాడు.

నచ్చనిదల్లా ఆ ఆట.

అన్నాచెల్లెళ్ళు ఎప్పటినుంచో ఆడుతున్నది. ఆఖరి పది నిమిషాలకు ముందు టీవీ ఆపాలి. హంతకుడెవరో చీటీ మీద రాసి గ్లాసు కింద పెట్టాలి. ఎందుకనుకున్నారో చెప్పాలి.

అతనిది కళ్ళద్దాల దుకాణం. చెల్లెలు ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు, కాలు విరిగినవాళ్ళను మళ్ళీ నడిపిస్తుంది. సీరియల్ మొదలైతే ఇద్దరికీ సగం సగం మాటలు చాలు.

"అన్నయ్యా, ఆ గొడుగు..."

"చూశాలే బుజ్జీ. తడవలేదు."

"అదీ."

ఏ గొడుగు? ఆమెకు గొడుగే కనిపించలేదు.

పైగా బుజ్జి. ఇంట్లో ఉన్న ఒక్క ముద్దుపేరూ చెల్లెలికే ఖర్చయిపోయింది. ఆమెను అతను "ఇదిగో" అని పిలుస్తాడు. ఎంత తీయగా పిలిచినా ఇదిగో ఇదిగోనే.

మూడు ఆదివారాలు వరసగా ఓడిపోయింది. పోయిన వారం డ్రైవరని రాస్తే ఆడపడుచు మెత్తగా అంది. "డ్రైవరు మొదట్లోనే చచ్చిపోయాడు కదా, వదినా."

అతను నవ్వాడు. నవ్వితే నవ్వాడు, చెల్లెలి వైపు చూసి నవ్వాడు.

ఆమె ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. ప్రెస్సు పక్క సందులో లైబ్రరీ. గురువారం మధ్యాహ్నం తిండి మానేసి వెళ్ళి, వచ్చే భాగం పేరు చెప్పి, అసలు కథ ఉన్న పాత పుస్తకం తెచ్చుకుంది. బస్సులో నిలబడి చదివింది. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని చదివింది.

గదులు అద్దెకిచ్చే ముసలావిడను చంపింది ఆవిడ మేనల్లుడే. ఎడమ కాలు కుంటుతాడు. బురదలో ఒక అడుగు లోతుగా, ఒకటి తేలిగ్గా పడ్డాయి. ఆ కాలే వాణ్ణి పట్టించింది.

ఈ ఆదివారం ఆమె అందరికంటే ముందే చీటీ రాసి గ్లాసు కింద పెట్టేసింది.

"వదిన ఇవాళ ఆలోచించనైనా ఆలోచించలేదు," అంది ఆడపడుచు.

"కొన్నిటికి అక్కర్లేదులే."

గ్లాసులెత్తారు. అన్నాచెల్లెళ్ళ చీటీల్లో ఒకటే మాట. నర్సు.

ఆమె చీటీలో మేనల్లుడు.

"ఎందుకూ?" అన్నాడు అతను.

"కుంటుతాడు కదండీ, ఎడమ కాలు. ఆ కాలే పట్టిస్తుంది."

అతను కళ్ళద్దాలు తీశాడు. "ఎవరు కుంటుతారు?"

"మేనల్లుడు."

"ఎప్పుడు కుంటాడు?"

అప్పుడు తట్టిందామెకు. టీవీలో మేనల్లుడు నాలుగో అంతస్తు దాకా రెండేసి మెట్లు చొప్పున ఎగబాకాడు. ఊపిరైనా తీసుకోలేదు. బురద అసలే లేదు. హత్య లిఫ్టులో జరిగింది.

పుస్తకంలోని కాలును ఈ కాలంవాళ్ళు బాగుచేసేశారు.

ఇవాళ ఆమె టీవీ చూసిందెక్కడ? గంటసేపూ అతని మొహమే చూస్తూ కూర్చుంది, తను గెలిచాక అది ఎలా ఉంటుందోనని.

ఆడపడుచు చూపు తలుపుకు తగిలించిన సంచీ మీదకు వెళ్ళింది. సంచీలోంచి పాత అట్ట మూల ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది, లైబ్రరీ ముద్రతో సహా. ఆ చూపు అక్కడ ఆగింది. తర్వాత ఆమె మీదకు వచ్చింది.

ఆమె పని అయిపోయింది. రేపు దుకాణంలో, ఎల్లుండి పెత్తల్లిగారింట్లో, ఆపైన జన్మంతా చెప్పుకు నవ్వుతారు. కొత్తకోడలు కాపీ కొట్టిందట.

"నువ్వు చెప్పు బుజ్జీ," అన్నాడు అతను. "రోజంతా నడకలే కదా నీ పని. వాడు కుంటాడా?"

ఆడపడుచు తన చీటీని నాలుగు మడతలు పెట్టింది. గోటితో అంచు నొక్కింది.

"కొద్దిగా," అంది.

"ఏంటి?"

"ఎడమ తుంటి కాస్త జారుతుంది. మామూలు కంటికి ఆనదు. వదిన పట్టేసింది."

ఆమె తల ఎత్తలేదు.

"మరి నాకెందుకు కనిపించలేదు?"

"అద్దాలు మార్చాలేమో అన్నయ్యా. మంచి దుకాణం ఏదైనా ఉంటే చూపించుకో."

మిగిలిన పది నిమిషాలు చూశారు. హంతకురాలు నర్సే. అతను గెలిచిన సంగతి అతనికే పట్టలేదు. రిమోట్ లాక్కుని వెనక్కి తిప్పాడు. మేనల్లుడు మెట్లెక్కాడు. మళ్ళీ తిప్పాడు.

"ఇక్కడా?"

"ఇంకాస్త వెనక్కి," అంది ఆడపడుచు.

"ఇక్కడైతే బాగానే నడుస్తున్నాడే."

ఆమె తెర వైపు వంగింది.

"ఆ మలుపు దగ్గరండీ," అంది ఆమె.

"ఆ, అక్కడే," అంది ఆడపడుచు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"మీ ఇద్దరికీ కనిపిస్తోంది కదా," అన్నాడు అతను. ఆ గొంతును ఆమె వెంటనే గుర్తుపట్టింది. మూడు ఆదివారాలుగా తన గొంతులో ఉన్నదే.

అతను సోఫా దిగి, టీవీకి మరీ దగ్గరగా, నేల మీద ఒక్కడే కూర్చున్నాడు.