పుంజును అడిగారా?

"ఆగండి! ఆ కత్తి కింద పెట్టండి!"

సర్వేశ్వరరావు అరిచిన అరుపుకి డప్పులు ఠక్కున ఆగిపోయాయి. పుంజును పట్టుకున్న సోంబరూ, కత్తి పట్టుకున్న పూజారి బుధూ తలలెత్తి చూశారు. అరకు లోయలోని ఆ కొండ పల్లెలో ఆ రోజు విత్తనాల పండగ. గింజ నేలలో పడేముందు అమ్మవారికి పుంజునివ్వాలని ఊరంతా అక్కడే చేరింది. సరిగ్గా ఆ ఘడియ చూసుకునే, ఖద్దరు టోపీ పెట్టుకుని, ఎడ్లబండి మీద ఘాటీ ఎక్కి ఊడిపడ్డాడు ఈ మహానుభావుడు. విశాఖపట్నంలో జీవకారుణ్య సభ అని ఒకటుంది లెండి, దాని ప్రచారకుడు.

బండిలోంచి గుడ్డచుట్ట దింపి, విప్పి, రెండు గెడలకి కట్టి నిలబెట్టాడు. నిలువెత్తు పుంజు బొమ్మ. దాని కళ్లలోంచి గుమ్మడికాయలంత కన్నీళ్లు కారుతున్నాయి. బొమ్మ వేసినవాడు పాపం మామూలు కన్నీళ్లే వేశాడు. వాటిని చూసి పట్నంలో ఒక్కడూ మాంసం మానలేదని సభవారే పట్టుబట్టి పెద్దవి చేయించారు.

"బొమ్మ కింద ఈ అక్షరాలు చదువుతాను, వినండి," అన్నాడు సర్వేశ్వరరావు గొంతు బొంగురుగా పెట్టి. "'నన్ను ఒక్క మాట అడిగారా?' విన్నారా అమ్మలారా, అయ్యలారా! నోరులేని జీవి అడుగుతోంది. దాని ప్రాణం తీసేముందు దాన్ని అడిగారా? ఒక్కరైనా అడిగారా?"

ఈ మాట దగ్గర పట్నంలో కొందరైనా తలలు దించుకునేవారు. ఇక్కడివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అడక్కండా ఎవుడు కోత్తాడు బాబూ?" అన్నాడు బుధు. "ఇప్పుడు అడగబోతన్నాం. మద్దిన నువ్వే అడ్డొచ్చీసినావు."

"కోడినా? కోడిని అడుగుతారా?"

"అలాగ సూత్తావేటి? బియ్యం గింజలు దాని ముందర పోత్తాం. తిందా, ఒప్పుకున్నట్టు. తిననేదా, దానికిష్టం నేదు, అమ్మోరికీ వద్దు. అప్పుడు పెంచినోల్లు ఇంటికట్టుకుపోవడవే. మా తాతలకాడ్నుంచీ ఇదే."

సర్వేశ్వరరావుకి సభవారు నేర్పిన ఉపన్యాసంలో ఇలాంటి జవాబుకి జవాబు లేదు.

"గింజలు పోస్తే ఏ కోడి తినదయ్యా! అదేం అడగడం?"

"మరి నువ్వెలాగడుగుతావు? దాని బాస నీకొచ్చేటి?"

జనం గొల్లుమన్నారు. పాపం ఆయన మొహం కందగడ్డయింది. ఎక్కిన ప్రతి కొండ మీదా ఇదే నవ్వు. ఇక్కడ కూడా ఒక్క ప్రాణి దక్కకపోతే పటం చుట్టబెట్టుకుని పట్నం తిరిగి వెళ్లడమే అనుకున్నాడు. అంతలో పటం ముందు ఎవరో బావురుమన్నారు.

సోంబరు పెళ్లాం చిట్టెమ్మ. ఆ పుంజును పెంచింది ఆవిడే. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"బాబు సెప్పింది నిజివే మావా. ఆ కల్లు సూడు, నా పుంజు కల్లే! ఒగ్గీమని సెప్పు మావా."

"నోర్ముయ్యే!" అని కసిరాడు సోంబరు. "అమ్మోరికని తెచ్చినదాన్ని ఒగ్గీత్తారేటి?"

సర్వేశ్వరరావుకి ఒళ్లు పులకరించిపోయింది. పటం పనిచేసింది! ఎవరూ కరగరనుకున్న ఈ కొండల్లో ఒక ఆడకూతురు కరిగింది. ఆ సంతోషం పట్టలేక ముందుకి దూకాడు.

"సరే, మీ పద్ధతిలోనే అడగండి! తినకపోతే మాత్రం ప్రాణంతో ఆవిడ చేతికిచ్చెయ్యాలి. ఊరందరి ముందూ మాట!"

"మాటే," అన్నాడు బుధు.

గింజలు పోశారు. పుంజు వాటిని చూసింది. మెడ పక్కకి తిప్పింది. బుధు ఇంకో గుప్పెడు పోసి, "తినమ్మా, బేగి తిను," అని బతిమాలాడు. సోంబరు దాని ముక్కు పట్టుకుని గింజల్లో పెట్టాడు. అది రెక్కలు విదిలించి, నిద్రొచ్చినదానిలా కళ్లు మూసుకుంది. ఎంతసేపు చూసినా అంతే. జనంలో గుసగుసలు లేచాయి. చివరికి బుధు ఉసూరుమని కత్తి మొలలో దోపుకున్నాడు.

"దానికిష్టం నేదు. ఇచ్చీరా సోంబరూ."

సోంబరు పళ్లు నూరుతూనే ఇచ్చాడు. ఆ పూట అమ్మవారికి ఇప్పసారా పోసి దండాలు పెట్టి సరిపెట్టారు. సర్వేశ్వరరావైతే గంతులేశాడంటే నమ్మండి. పటాన్ని కళ్లకద్దుకుని, పరుగున చిట్టెమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, నువ్వు నాతో సంతకి రావాలి. ఈ పటం చూసి నీ మనసు ఎలా మారిందో నలుగురికీ చెప్పాలి."

చిట్టెమ్మ అటూ ఇటూ చూసి ఆయన్ని చాటుకి పిలిచింది.

"పటానిదేటుంది బాబూ? పొద్దున్నే దీనికి గొంతుదాకా సోడి గింజలు మేపీసినాను. ఇంకేటి తింటాది?"

సర్వేశ్వరరావు కళ్లు నిజంగా చెమర్చాయి.

"అంటే నేను రాకముందే నీలో ఆ కరుణ ఉందన్నమాట! తల్లీ, నీకు దండం పెట్టాలి. దీన్నెలాగైనా దక్కించుకోవాలని ఇంత తాపత్రయం ఎందుకమ్మా?"

చిట్టెమ్మ పుంజును చంకలో సర్దుకుని, గొంతు ఇంకా తగ్గించింది.

"అమ్మోరికి కోసిన కూర ఆడోల్లకెట్టరు బాబూ, మగోల్లే తినీత్తారు, అందుకే మాపు నానే కోసుకుని వొండుకుంటాను, నువ్వూ బేగొచ్చీ, నీ పున్నెవే కదా, తొడ ముక్క నీకే ఎడతాను."