తాడేనండి

“ఫిలాసఫీ చదివితే ఏ ఉద్యోగం వస్తుందండీ, బాబుగారూ?”

బోడసకుర్రు రేవులో నావ కదిలిన కొద్దిసేపటికే బంగారరాజు గారు ఆ ప్రశ్న వేశారు.

మర్యాదగానే అడిగారు. చుట్టూ ఉన్నవారు మాత్రం ముఖాలు పక్కకు తిప్పుకొని నవ్వుకున్నారు.

విశ్వపతి కాకినాడ కాలేజీలో బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాడు. ప్లీడరు కావాలని తండ్రి పట్టుబడితే, తత్త్వశాస్త్రమే చదువుతానని అతడు పట్టుబట్టాడు. రాజోలు వైపు ఆ సంగతి తెలియనివారు లేరు. ఆ చదువు పరువు తానే నిలపాలని అతని తాపత్రయం.

“ఉద్యోగం కోసం కాదండీ. సత్యం తెలుసుకోవడానికి.”

“ఆయ్! తెలిసిందాండీ మరి?”

ఈసారి నావంతా నవ్వింది.

స్వరాజ్యం వచ్చిన మూడో ఏటి శ్రావణమాసమది. వరద తీస్తున్నా, గోదావరి పాయ వైనతేయ ఇంకా ఎర్రగానే పారుతోంది. కిక్కిరిసిన నావ అంచులు నీటికి జానెడు ఎత్తున ఉన్నాయి.

“ఎవరూ లేవకండి. నావ ఒరిగిందంటే అందరం గంగలోనే!” అని సరంగు ముసలయ్య ముందే హెచ్చరించాడు.

విశ్వపతి గొంతు సవరించుకున్నాడు.

“దారిలో ఒక తాడు పడి ఉంటుంది. మసకవెలుతురులో చూసినవాడు పామనుకొని బెదురుతాడు. దీపం తెస్తే తాడే. పాము ఎన్నడూ లేదు. ఈ జగత్తు కూడా అటువంటి భ్రాంతేనంటుంది అద్వైతం. తెలియనివాడికి పాము, తెలిసినవాడికి తాడు. అంతే!”

“బాగా చెప్పేరండి,” అన్నాడు ఎదుట కూర్చున్న మనిషి.

అతడెవరో నావలో ఎవరికీ తెలియదు. మాసిన చొక్కా, భుజాన కండువా. కాళ్ళ దగ్గర కొబ్బరితాడు చుట్ట ఒకటి ఉంది.

నది నడుమకు చేరేసరికి మబ్బు కమ్మింది. ఆ తాడుచుట్టలో ఏదో కదిలినట్టయింది.

“పాము!” అంటూ విశ్వపతి లేచాడు.

నావ ఒక్కసారిగా ఒరిగింది. విశ్వపతి పక్కనే కూర్చున్న వీరాయమ్మ చంటిపిల్లను గుండెకు హత్తుకొని కెవ్వుమంది.

ఆ మనిషి చటుక్కున కండువాను చుట్టమీద పడవేసి, రెండు చేతులూ దాని కిందికి పోనిచ్చాడు. ఒక్క క్షణం పళ్ళు బిగించాడు.

“తాడేనండి,” అన్నాడు నెమ్మదిగా. “ఉత్త తాడే. కూర్చోండి బాబూ.”

అందరూ కూర్చున్నారు. నావ నిలదొక్కుకుంది.

“దీపం తెండర్రా! బి.ఏ. గారికి తాడు పామై కూచుంది!” అన్నారు బంగారరాజు గారు.

అవతలి గట్టుకు వినబడేలా నవ్వారు జనం.

విశ్వపతి ముఖం కందగడ్డ అయింది. తండ్రి స్నేహితుడైన బంగారరాజు గారిని ఏమీ అనలేడు. కోపమంతా ఆ మనిషి మీదికి మళ్ళింది.

వీరాయమ్మ ఆకూ వక్కా అందించబోయింది. “వేసుకోండి అన్నయ్యగారూ. మీ మాటతో ప్రాణం కుదుటపడింది.”

“చేతులు ఖాళీ లేవమ్మా.”

“ఎందుకండీ అంత గట్టిగా పట్టుకున్నారు? మీ తాడును ఎవరూ ఎత్తుకుపోరు లెండి!” అన్నాడు విశ్వపతి.

ఆ మనిషి నవ్వబోయాడు. చల్లటి గాలిలోనూ అతని నుదుట చెమట ధారలు కట్టింది. జ్వరపడ్డ మనిషి కాబోలునని విశ్వపతి తర్కంతో తేల్చుకున్నాడు.

పాశర్లపూడి రేవు వచ్చింది. జనం దిగసాగారు. ఆ మనిషి కదలలేదు.

“మీరు దిగరాండీ?” అని ఎవరో అడిగారు.

“అందరూ దిగేక దిగుతానండి.”

వీరాయమ్మ పిల్లతో ఇంకా అంచు దాటుతూనే ఉంది. విశ్వపతి ఆమె వెనుక నిలబడ్డాడు.

“బాబూ... ఆ సరంగుని... ఒక్క కేక వేస్తారా?”

వెనుకనుంచి ఆ మనిషి మాట ముద్దముద్దగా వచ్చింది.

విశ్వపతి వెనుదిరిగి చూడలేదు.

“తాడును తాడని అందరికీ చాటిన గొంతే కదండీ! సరంగును కూడా మీరే పిలుచుకోండి.”

ఆ జవాబు అతనికి ఎంతో నచ్చింది. రాజోలు చేరేదాకా దాన్ని మనసులో నెమరు వేసుకుంటూనే ఉన్నాడు.

సెలవులు ముగిసి తిరిగి వెళ్ళేటప్పుడు అదే నావ. ముసలయ్య అతణ్ణి గుర్తుపట్టి దగ్గరకు వచ్చాడు.

“ఆవేళ మీకెదురుగా కూచున్నాయన ఎవరి తాలూకో చెప్పేరాండి? పోనీ, పేరైనా?”

“లేదు. నేను అడగలేదు. ఏం?”

“అయినవాళ్ళకి కబురంపుదామంటే ఊరూ పేరూ తెలియలేదండి. మేమే నలుగురం కలిసి సాగనంపేం.”

“పోయాడా! ఎప్పుడు?” అన్నాడు విశ్వపతి.

“నేను గట్టున మోకు కట్టి వచ్చేసరికే మాట పడిపోయిందండి. ఒక్కరు... ఒక్కరు నన్ను కేకేసున్నా, మోసుకెళ్ళి మందు వేయించేవాళ్ళం. ఎవరూ పిలవలేదు.”

“ఏం జబ్బు చేసింది?” అని అడిగాడు విశ్వపతి.

ముసలయ్య తెడ్డు పక్కన పెట్టాడు.

“జబ్బేంటండీ బాబూ! కండువా తీసి చూస్తే, ఆయన రెండు చేతులా మెడ నొక్కి పట్టుకున్నది తాడు కాదండి.”