గివ్ మీద బలం

"మళ్లీ 'అన్' మింగేశారు క్లెమ్ గారూ," అంది రోవెనా. "ఐదు ముక్కలు. అన్-ఫర్-గివ్-అ-బుల్. 'గివ్' దగ్గర బల్ల గుద్దండి. మిగతావి తేలిగ్గా."

క్లెమ్ ఎడమచేత్తో బల్ల మీద కొట్టాడు. "ఫర్... గివ్..."

"తేలిగ్గా అంటే వదిలేయమని కాదు! 'అన్' పోతే అర్థమే తిరగబడుతుంది. క్షమించరానిది కాస్తా క్షమించదగినది అయిపోతుంది."

పక్షవాతం వచ్చి క్లెమ్‌కి మాట పడిపోయి ఏడాదైంది. రోవెనా వారానికి రెండుసార్లు వచ్చి మాటలు నేర్పుతోంది. మొదటిరోజే అతను నిఘంటువు తిరగేసి ఈ మాట మీద వేలు పెట్టాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఇంగ్లండ్‌లో, లింకన్‌షైర్ జిల్లాలోని ఆ చిన్న ఊళ్లో అందరికీ తెలిసిందే. అతను రైల్వే గేట్‌మన్. గేటు పక్కింట్లోనే కాపురం. పదకొండేళ్ల కిందట రైలు వస్తుండగా గేటు తెరుచుకుంది. పట్టాల మీదికొచ్చిన కారుని రైలు గుద్దింది. అందులో ఉన్న ఏడేళ్ల టెస్ చనిపోయింది. తప్పు తనదేనని కోర్టులో ఒప్పుకుని, క్లెమ్ మూడేళ్లు జైల్లో ఉన్నాడు.

"అంత మాట నీకెందుకయ్యా?" అంది భార్య డోరిన్, కప్పులు పెడుతూ. "టీ కావాలని అడగడం నేర్చుకో, చాలు."

ఆరు వారాలకి మాట నిలబడింది. బల్ల గుద్దకుండానే ఐదు ముక్కలూ పలికాడు. రోవెనా చప్పట్లు కొట్టింది. క్లెమ్ నవ్వలేదు. సొరుగులోంచి పాత పేపరు ముక్క తీసి, టెస్ తల్లి షీలా ఫొటో చూపించి, పిలవమన్నట్టు సైగ చేశాడు.

గురువారం షీలా వచ్చింది. కోటు విప్పలేదు, కూర్చోలేదు.

"కానియ్. నీ నోట ఏమొస్తుందో విని పోతాను."

క్లెమ్ ఆమెని చూడలేదు. డోరిన్ వైపు తిరిగాడు. ఆమె కళ్లలోకి చూస్తూ అన్నాడు.

"ఫర్-గివ్-అ-బుల్."

"అన్..." గుసగుసగా అందించింది రోవెనా.

అతను తల అడ్డంగా ఊపాడు. ఈసారి మరింత స్పష్టంగా అన్నాడు. "ఫర్-గివ్-అ-బుల్."

షీలా మొహం కందిపోయింది. "క్షమించొచ్చా? నా బిడ్డని చంపి, నిన్ను నువ్వే క్షమించేసుకుంటావా, సిగ్గులేనోడా!"

విసురుగా వెళ్లబోతుంటే డోరిన్ తలుపుకి అడ్డం నిలబడింది.

"ఆ గేటు తీసింది నేను."